అమ్మ తద్దినానికి మన్‌షిక్ చేసిన పాలకూర

ప్యో మన్‌షిక్ కొరియాలోని మొక్‌పో ఊళ్లో ముప్పై ఒక్కేళ్లు సిటీ బస్సు నడిపాడు. రిటైరయ్యాక కూడా మంచినీళ్ల కోసం తప్ప వంటింటి గడప తొక్కి ఎరగడు. అలాంటి మహానుభావుడు అరవై ఆరో ఏట ఏప్రన్ కట్టాడంటే అది మంచు చలవ. వాకిట్లో గడ్డకట్టిన మంచు మీద జారిపడి భార్య సున్‌దొక్ కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నెల తిరక్కుండా అత్తగారి తద్దినం.

"తద్దినం కూరలు బజార్లో కొనెయ్యరా. నీ చేతి కూర తింటే అమ్మ మళ్లీ పోతుంది" అని అక్క మల్‌జా ఫోన్లో పకపకా నవ్వింది.

మన్‌షిక్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. కానీ అసలు బాధ వేరు. అమ్మ పోయి ఇరవై ఆరేళ్లయినా తన చేత్తో చేసిన పదార్థం ఒక్కటీ ఆమె ముందు పెట్టలేదు. ఈసారి పెట్టి తీరాలి.

మూడు వారాలు సున్‌దొక్ కుర్చీలో కూర్చుని నేర్పింది. మొలకలు ఉడికేటప్పుడు మధ్యలో మూత తియ్యకూడదు, తీస్తే పచ్చివాసన. పాలకూర మరిగే నీళ్లలో ముంచి, పది లెక్కపెట్టి, చన్నీళ్లలో వెయ్యాలి.

"బట్టలు పిండుతున్నారా? నెమ్మదండీ, నెమ్మది!"

"వదులుగా పిండితే నీళ్లోడుతోందన్నావు కదే!"

ఇక ఇంట్లో తినే కూరైతే, పిండిన ఆకులో సోయా సాస్, నువ్వుల నూనె, వెల్లుల్లి వేసి వేళ్లతో కలపడం. మొదటిసారి కుదిరిన రోజున మన్‌షిక్ గిన్నె పట్టుకుని అపార్ట్‌మెంట్ మెట్లన్నీ దిగి ఇంటింటా రుచి చూపించొచ్చాడు. బస్సు నడిపినన్నాళ్లూ అంత సంబరం ఎరగడు.

తద్దినం రోజు రానే వచ్చింది. పెద్దలకు మూడు రంగుల కూరలు పెట్టాలి. తెల్లటి తొరాజి దుంపవేళ్లు, గోధుమరంగు గొసారి ఫెర్న్ కాడలు పొద్దున్నే వండేశాడు. సాయంత్రం ఐదింటికి ఆకుపచ్చది, పాలకూర, కలుపుతుంటే గదిలోంచి సున్‌దొక్ కేక పెట్టింది.

"ఏవండీ! ఆ వాసనేంటి?"

మన్‌షిక్ గిన్నెలోకి చూశాడు. అలవాటైన చెయ్యి వెల్లుల్లి వేసేసింది! తద్దినం కూరలో వెల్లుల్లి వాసన తగిలితే పోయిన పెద్దలు గుమ్మంలోకి రారని పసిపిల్లలకు కూడా తెలుసు. ఇంట్లో ఇంకో ఆకు లేదు. ఏడింటికి అక్క దిగుతుంది.

ఇంటి చెప్పులతోనే మంచులో పరుగు తీశాడు. బజార్లో ముసలమ్మ బుట్టలు సర్దేస్తోంది.

"అమ్మమ్మా, ఆగు! పాలకూర!"

"ఉన్నది ఒక్క కట్టే. నా ఇంటికి దాచుకున్నా."

"మా అమ్మకే తల్లీ!"

ముసలమ్మ ఏప్రన్ వంక, తడిసిన కాళ్ల వంక చూసి నవ్వుతూ కట్ట చేతిలో పెట్టింది.

మళ్లీ మరిగించాడు, ముంచాడు, పిండాడు. ఉప్పు చూద్దామని నాలుక చాచేలోగా సున్‌దొక్ ఎడమచేత్తో ఒక్కటేసింది.

"తద్దినం వంట ముందు ఎంగిలి చేస్తారా!"

"మరి ఉప్పెలా తెలుస్తుందే?"

"చేతికి తెలుస్తుంది."

"నా చేతికి స్టీరింగే తెలుసు!"

కళ్లు మూసుకుని, అమ్మను తలుచుకుని, సాస్ వేశాడు.

ఎనిమిదింటికి దండాలయ్యాయి. అందరూ అన్నంలోకి మూడు రంగుల కూరలూ వడ్డించుకున్నారు. మన్‌షిక్ మాత్రం కూర్చోలేదు. నోటినోటికీ చూస్తూ బల్ల చుట్టూ తిరిగాడు.

"ఎలా ఉంది? అక్కా, ఉప్పెలా ఉంది?"

"కూచోరా, తిననీ!" అంటూనే మల్‌జా మళ్లీ పాలకూరే వడ్డించుకుంది. ఒక్క మాటా అనలేదు. ఎవరూ అనలేదు. పళ్లెం ఖాళీ అవుతోంది గానీ మన్‌షిక్ ప్రాణం కుదుటపడటం లేదు. ఏమిటీ మనుషులు! నోట్లో నాలుకలు లేవా?

అది చూసి సున్‌దొక్ కిసుక్కున నవ్వింది.

"నేనూ ఇరవై ఆరేళ్లుగా అక్కడే నిలబడి మీ నోటి వంకే చూశానండీ. ఏ ఏడు పాలకూర బాగా కుదిరిందో చెప్పండి చూద్దాం."

మన్‌షిక్ నోరు తెరిచాడు. ఒక్క ఏడైనా గుర్తుకు రాలేదు.

ఆ తెరిచిన నోట్లో సున్‌దొక్ ఎడమచేత్తో కాస్త పాలకూర పెట్టింది.

"ఉప్పు సరిగ్గా సరిపోయింది" అంది.

ఆ మాట ఆయన ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.