ఏప్రాన్ కట్టిన ఆధిపత్యం

ఈ సంగతి ఎర్మెస్ తనే చెప్పుకుని, అందరికంటే ముందు తనే నవ్వుతాడు. రెజ్జో పట్నం పక్కనున్న ఒక ఊళ్లో ఎర్రజెండా పార్టీకి కార్యదర్శి అతను. పదవైతే ఉందిగానీ మాట వినే నాథుడు లేడు. ఏటా వేసవిలో పార్టీ పండగ. అతను మైకు పట్టుకునే వేళకే వంటపందిట్లో పిండిలో మాంసం కూరి మడిచిన కప్పెల్లెత్తి చారులో ఉడుకుతుంటాయి. ఆ వాసనకి జనం లేచి అటు నడుస్తారు. ఖాళీ కుర్చీలకి ప్రపంచ పరిస్థితి వివరించడం అతనికి బాగా అలవాటైపోయింది.

ఒక ఏడు పార్టీ తరగతులకి వెళ్లి ఒక మాట నేర్చుకొచ్చాడు: ఆధిపత్యం. సారాకొట్లో, మంగలి దగ్గర, కనబడ్డవాడికల్లా అదే పాట. వాన పడకపోవడం కూడా ఆధిపత్యమేనన్నాడు, మహానుభావుడు.

ఈసారి ఎలాగైనా నిండు కుర్చీల ముందు మాట్లాడాలి. అదొక్కటే అతని కోరిక. వంటపందిరి పెత్తనం భార్య ఇరిడెది. ఆడవాళ్లంతా బల్ల చుట్టూ చేరి పిండి మడుస్తుంటే వెళ్లి, ఉపన్యాసం అయ్యాకే వడ్డించమని చెప్పాడు.

"అది సరేగానీ, ఆ మాటకి అర్థమేంటయ్యా? అందరూ నన్నడుగుతున్నారు," అంది ఇరిడె.

"కొట్టి లొంగదీసుకోవడం కాదే. మనకి కావలసింది ఎదుటివాడు చేస్తూ, అది తన సొంత ఆలోచనే అనుకోవాలి. అదీ ఆధిపత్యమంటే."

"బాగుంది," అని ఆమె మళ్లీ పనిలో పడింది.

కాదనలేదు కాబట్టి గెలిచాననుకున్నాడు, వెర్రిబాగులవాడు. ఆ తర్వాత రోజూ భోజనాల దగ్గర ఇరిడె ఏవో కబుర్లు చెప్పేది. ఆలస్యమైతే కప్పెల్లెత్తి ముద్దయిపోతాయట. వడ్డించడానికి మనుషులు చాలరట. పాత కార్యదర్శి తనే పళ్లేలు మోసేవాడట, జనం ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారట. నువ్వూ మొయ్యమని మాత్రం ఒక్కసారీ అనలేదు.

చివరికి కమిటీ సమావేశంలో ఎర్మెస్ లేచి, తనకో గొప్ప ఆలోచన తట్టిందన్నాడు. ఈ ఏడు కార్యదర్శి ముందు ప్రజలకి వడ్డిస్తాడు, ఉపన్యాసం భోజనాలయ్యాక. అందరూ చప్పట్లు కొట్టారు. తన తెలివికి తనకే ముచ్చటేసింది. భోజనాలవగానే కుర్చీలు తీసేసి డాన్సు మొదలెడతారన్న సంగతి ఆ ఊపులో గుర్తే రాలేదు.

పండగ సాయంత్రం బల్లలు నిండాయి. ఎర్మెస్ ఏప్రాన్ కట్టుకుని, చెమటలు కక్కుతూ పళ్లేలు మోశాడు. అవతల డాన్సుకి వాయించేవాళ్లు అకార్డియన్ సరిచేసుకుంటున్నారు. ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కామ్రేడ్, ఆ కొత్త మాటేదో ఉందటగా, ఏంటది?"

ఎర్మెస్ ప్రాణం లేచొచ్చింది. పళ్లేలు దించి గొంతు సవరించుకున్నాడు.

"మనకి కావలసింది ఎదుటివాడు చేస్తూ, అది తన సొంత..."

అక్కడ ఆగిపోయాడు. ఏప్రాన్ వంక చూసుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పందిరి వైపు చూస్తే, గరిటె పట్టుకుని ఇరిడె అప్పటికే అతన్నే చూస్తోంది.

"ఏమయ్యా, చారు చల్లారిపోతోంది," అంది.

"వస్తున్నానే," అన్నాడు ఎర్మెస్.