ఎముకకు చిల్లులు వద్దన్న రోజు

"తెగిన నరం కుట్టుమంటే మంచి ఎముకకు చిల్లులు పెడ్తనంటవేంది, బిడ్డా?"

"ఉత్తగ కుడితే అతకదు, అవ్వా. చిల్లుల నుంచి నెత్తురు ఊరితేనే నరం ఎముకను పట్టుకుంటది."

"అట్లైతే నీ భుజానికి పెట్టుకో పో!"

మొండి మేకను గుంజబోయి కుడి భుజం నరం తెంపుకుని, నల్లగొండ దవాఖానలో డాక్టరుతో నేను పడ్డ జగడమిది. చెయ్యి లేవకుంటే మేకల పాలు పిండలేను. అయినా ఒప్పుకోలేదు.

పక్క మంచం మీది తాపీమేస్త్రి నవ్వాడు. "నున్నటి గోడకు గాట్లు కొట్టకుంటే సిమెంటు పట్టుకుంటదా, అవ్వా?"

గాట్ల కూలి దండగని మా ఇంటి గోడకు ఉత్తగనే పూత వేయించినదాన్ని నేనే. మొదటి వానకే పెచ్చులూడాయి.

మర్నాడు పొద్దున ఎడమచేత్తో వంకర సంతకం పెట్టి, "చిల్లులు జర దగ్గరదగ్గర పెట్టు" అని డాక్టరుకు చెప్పి ఆపరేషన్‌కు పోయాను.