గాలి తాకని అద్దాలు

నాకు పనిచేసేది ఒక్కటే కన్ను, కుడిది. ఎడమ కంట్లో చిన్నప్పుడే పువ్వు వేసింది. దానితో వెలుతురు ఉందో లేదో తెలుస్తుంది గానీ ఎదురుగా మనిషి ఉన్నాడో లేడో తెలియదు. అందుకే ఎండ అద్దాలు కొనడానికి పోయినప్పుడు దుకాణంవాళ్ళు నా మొహానికి ఏదో ఒకటి తగిలించి "సూపర్ ఉన్నయి సార్, హీరో లెక్కున్నరు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. హీరోగిరీ నాకెందుకు? ఈ మిగిలిన కన్ను మిగలాలి, అంతే.

నలభై దాటాక నాకు ట్రయాథ్లాన్ పిచ్చి పట్టింది. ఈత, సైకిల్, పరుగు, మధ్యలో ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ అది. ఈత మా ఊరి వ్యవసాయ బావిలో వచ్చిందే. మా ఊరు కథలాపూర్ దగ్గర. పరుగు ఎట్లాగో అలవాటైంది. సైకిల్ ఒక్కటే కొత్త. కోరుట్లలో మేముండే గల్లీవాళ్ళు "ఏం సార్, పెట్రోలు పిరమైందా?" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాడిని. హైదరాబాద్ పోటీకి పేరిచ్చాక మాత్రం నాకు నవ్వు తగ్గింది.

ఎందుకంటే సైకిల్ మీద కూర్చున్నాకే తెలిసింది, దారిలో ఎగిరే ప్రతిదీ మన కంటికేసే వస్తుందని. ఈగలు, ఇసుక, లారీ వెనక లేచే దుమ్ము, ముందు పోయేవాడి ఉమ్ము. అద్దాలు లేకుండా కుదరదు. ఉంటే ఇంకో రకం గోల. తల వంచి తొక్కేటప్పుడు చూపు అద్దాల పై అంచు మీదుగా పోతుంది. అక్కడ పట్టీ మందంగా ఉంటే రోడ్డు సగం మాయం. పక్క కాడ వెడల్పుగా ఉంటే కుడివైపు నుంచి వచ్చే లారీ మీదికొచ్చేదాకా తెలియదు, ఎడమవైపు నాకు ఎట్లాగూ చీకటే. పరుగు మొదలుపెట్టాక చెమటకు అవి ముక్కు మీదినుంచి జారతాయి. నల్లటివి పెట్టుకుని ఎండలోంచి చింతచెట్ల నీడలోకి పోతే ఒక్కసారిగా గుడ్డివాడినయ్యేవాడిని. మా దిక్కు కోతలప్పుడు రోడ్డు సగం వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. వడ్లు ఎత్తుకుపోయేవాళ్ళు రాళ్ళు ఎత్తరు. ఆ చెట్ల నీడలో ఆ రాళ్ళు నా కోసమే కూర్చున్నట్టు ఉండేవి.

జగిత్యాలలో రెండు మూడు దుకాణాలు తిరిగాను. ఏదీ నచ్చలేదు. అంతలో దుబాయ్ నుంచి మా బామ్మర్ది వచ్చాడు. వాళ్ళది కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం. వస్తూ వస్తూ నా కోసం అద్దాలు తెచ్చాడు. పెద్దవి, నల్లవి, చూసేవాడి మొహం చూసేవాడికే కనిపించే రకం. "రెండద్దాలెందుకు బావా నీకు, ఒకటి నాకియ్యి" అని ఆటపట్టించాడు. మా ఆవిడ కసిరింది. నేను పెట్టుకుని చూసుకున్నాను. బాగానే ఉన్నాయి. కానీ కింద, చెంపకూ ఫ్రేముకూ మధ్య, వేలు దూరేంత సందు ఉంది. తొక్కేటప్పుడు ఆ సందులోంచి గాలి పైకి తన్నేది, కంట్లో నీళ్ళు తిరిగేవి. అంత దూరం నుంచి తెచ్చినవాడికి వద్దని ఎట్లా చెప్పను? అవే పెట్టుకుని తిరిగాను.

మా అమ్మ మాకాడే ఉంటుంది. ఆ అద్దాలు తెచ్చిన మొదటిరోజు మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ నా చెంప దగ్గరి ఆ సందునే చూసింది. నాకు అప్పుడే ఏదో మంచిగనిపించలేదు.

అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళో ఒకప్పుడు ఎవరి కంట్లో నలుసు పడ్డా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. నాట్లేసేవాళ్ళు, కోతలు కోసేవాళ్ళు, తాటిచెట్టెక్కి మట్టలు చెక్కేటప్పుడు కంట్లో పొట్టు పడ్డ గౌండ్లాయన, అందరూ. ఆమె వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి, గదవ పట్టుకుని, రెప్ప తెరిచి, నాలుక కొనతో నలుసు తీసేది. తీసి అరచేతి మీద పెట్టి చూపించేది. నా చిన్నతనంలో అది నాకు పెద్ద గొప్ప. ఒక వరికోతల్లో నా ఎడమ కంట్లో వడ్ల పొట్టు పడింది. నాకూ అట్లాగే తీసింది. ఆ తర్వాత కన్ను ఎర్రబడింది, వాచింది, చివరికి తెల్లగా పువ్వు వేసింది. ఊరంతా దిష్టి అంది. అమ్మ కూడా దిష్టే అంది. ఆ ఏడాది నుంచి ఎవరొచ్చినా "నోట్లె పుండ్లయినయి" అని తిప్పి పంపేది. ఆ పుండ్లు ఎప్పటికీ ఎందుకు మానవో నాకు అర్థమయ్యేది కాదు.

కాలేజీలో ఉన్నప్పుడు ఒక కంటి డాక్టరు నన్ను అడిగాడు, అప్పుడు కంట్లో నాలుక పెట్టారా అని. పచ్చి పొట్టు గీసిన కంట్లో నోటి తడి పడితే ఏమవుతుందో చెప్పాడు. ఇంటికొచ్చి నేను ఎవరికీ చెప్పలేదు. దిష్టి అని అమ్మ నమ్ముతున్నప్పుడు ఆ నమ్మకం తీసేసి ఆమెకు నేను ఇచ్చేదేముంది? అట్లా ఏళ్ళు గడిచాయి. అమ్మ ఎప్పుడూ నా మొహం దగ్గరికి తన మొహం తెచ్చేది కాదు. నా బిడ్డ పుట్టాక దాన్ని కూడా ముద్దు పెట్టుకోలేదు, కాళ్ళు పట్టుకుని ఆడించేది. ఆమె తీరే అంత అనుకున్నాను.

యాసంగి కోతలు మొదలయ్యాయి. పోటీ దగ్గరపడుతోంది. పొద్దున్నే కథలాపూర్ దాటి కొంచెం దూరం పోయి తిరిగొస్తున్నాను. రోడ్డు పక్కన వడ్ల కుప్పలు, కొనుగోలు కేంద్రం, తాలు ఎగరగొట్టడానికి పెట్టిన పెద్ద ఫ్యాన్లు. అన్నీ రోడ్డు వైపే తిప్పి ఉన్నాయి. దూరం నుంచే గాలిలో తాలు పచ్చగా తిరుగుతూ కనిపించింది. ఆగి ఉండాల్సింది. ఆగితే వేగం లెక్క పోతుందని తల వంచుకుని తొక్కాను. తాలు అద్దాలకు చటచట తగిలింది. ఎదురుగా ఏదీ రాలేదు. కింది నుంచి, ఆ సందులోంచి వచ్చింది. సూది పెట్టి పొడిచినట్టయింది.

బ్రేకులు వేశాను. కాలు నేల మీద ఆనింది. అంతే, లోకం లేదు. కుడి కన్ను తెరుచుకోవడం లేదు, ఎడమది తెరిచినా ఒకటే. ఫ్యాన్ల మోత, ఎక్కడో లారీ హారను. నేను రోడ్డు మధ్యలో ఉన్నానా, పక్కన ఉన్నానా తెలియలేదు. అంత భయం నా జన్మలో ఎరగను.

ఎవరో నా రెక్క పట్టి పక్కకు లాగారు. ఆడమనిషి చెయ్యి.

"నలుసు వడ్డదా కొడుకా? గీ కుప్ప మీద కూసో. నలపకు, నలపకు. నేను తీస్త."

కూర్చున్నాను. ఆమె వేళ్ళు నా గదవ పట్టుకున్నాయి. బొటనవేలు రెప్ప తెరిచింది. పొగాకు వాసనతో వెచ్చటి ఊపిరి నా చెంప మీద పడింది. ఆ ఊపిరి దగ్గరవుతుంటే నాకు మా అరుగు, అమ్మ మోకాళ్ళు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. రెండు చేతులతో ఆమెను నెట్టేశాను. వడ్ల మీద పడ్డ చప్పుడు వినబడింది.

"అయ్యో, గట్ల నూకుతవేంది! నేనేం జేసిన నిన్ను?"

"సాయం జేయవోతె గిదా నీ తీరు?" అని ఇంకో మగ గొంతు కోపంగా మీదికొచ్చింది.

"నాకు ఒక్కటే కన్నున్నది. నాలుక వెట్టద్దు. దండం వెడత, జరన్ని నీళ్ళు పోయిండ్రి" అన్నాను. ఏడుస్తున్నానని నా గొంతు నేను విన్నాకే తెలిసింది. తర్వాత డబ్బాతో నీళ్ళు నా కంట్లో పోసింది నేను నెట్టేసిన ఆ ఆడమనిషే. పడిపోయినందుకు మళ్ళీ ఒక్క మాట అనలేదు.

ఫోన్ చేయిస్తే మా ఆవిడ వచ్చి జగిత్యాల తీసుకుపోయింది. డాక్టరు పొట్టు ముక్క తీసి, రంగు చుక్క వేసి చూసి, నల్లగుడ్డు మీద గీత పడిందన్నాడు. కట్టు కట్టలేదు. కట్టు కింద బూజు పెరుగుతుందట. గంట గంటకూ చుక్కల మందు వేయాలి. "తెల్లటి మచ్చ కనబడ్డదంటే ఆలస్యం చేయకుండా రావాలె" అన్నాడు. ఆ మచ్చ వస్తుందా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేమన్నాడు. నాకు ఆ గొంతు నచ్చలేదు.

ఇంట్లో కిటికీలకు దుప్పట్లు కట్టి నన్ను పడుకోబెట్టారు. ఏ కాస్త వెలుతురు తగిలినా కన్ను కోసుకుపోయేది, మూసుకునే ఉండేవాడిని. మా ఆవిడ బడికి పోవాలి, ఆమె టీచరు. చుక్కలు వేసే పని అమ్మ తీసుకుంది. చేతులు సబ్బుతో కడుక్కునే చప్పుడు చాలాసేపు వినబడేది. తర్వాత అడుగులు. తర్వాత రెప్ప మీద చల్లటి వేలు. "పైకి సూడు" అనేది. ఆ మాట ఎక్కడో గోడ అవతలి నుంచి వచ్చినట్టు ఉండేది. పళ్ళ నొప్పేమో అనుకున్నాను.

రెండోరోజు ఉండబట్టలేక అడిగాను. "అమ్మా, నీ గొంతేంది గట్లున్నది? మూతికేమన్న కట్టుకున్నవా?"

"కొంగు."

"ఎందుకే?"

సీసా మూత తిప్పిన చప్పుడయింది. మంచం పట్టె మీద ఆమె కూర్చుంది.

"నా ఊపిరి తాకద్దని" అంది.

కళ్ళు మూసుకునే చెయ్యి చాపాను. ఆమె చెయ్యి అందలేదు.

"నాకెరికే కొడుకా. నిన్ను సూపెట్టిన పట్నం దవఖానల డాక్టరు గప్పుడే అడిగిండు, నాలిక ఎవలు వెట్టిండ్రని. మీ నాయిన నా దిక్కు సూసిండు. నేను తలకాయ కిందికేసుకున్న. దిష్టని నేను అన్న, ఆయన ఊకున్నడు. నువ్వు శిన్నోనివి, నీకెందుకని జెప్పలే. పెద్దగైనంక జెప్పే మొకం లేకుండె."

"నాకూ ఎరికేనే అమ్మా" అన్నాను.

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఒకే మాటను చెరో కొసన పట్టుకుని తిరిగామా అని ఏడుపొచ్చింది. "ఏడ్వకు, మందు కొట్టుకపోతది" అని గదమాయించింది. ఆ తర్వాత కూడా ప్రతి గంటకూ కొంగు కట్టుకునే వచ్చింది. మచ్చ వచ్చిందా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. టార్చి వేసి ఆమె ఎంతసేపు చూసిందో లెక్కపెట్టి, దాన్ని బట్టి నేనే ఏదో ఒకటి ఊహించుకునేవాడిని.

మచ్చ రాలేదు. గీత మానింది. పోటీ మాత్రం దాటిపోయింది. ఇంకో పోటీకి పోతానంటే మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మ వద్దనలేదు. "అద్దాలు ఎక్కడ గొంటవు?" అని అడిగింది. సిరిసిల్లలో ఒక దుకాణంలో మొహానికి అతుక్కుని ఉండే రకాలు దొరుకుతాయని విన్నానన్నాను. "నేనొస్త" అంది.

బస్సులో పోయాం. వేములవాడ దాటినా రోడ్డు పక్కన వడ్ల కుప్పలు అయిపోలేదు. అమ్మ నన్ను కిటికీ పక్కన కూర్చోనివ్వలేదు.

దుకాణంలో నేను పనికొచ్చేవి ఏరుకున్నాను. పైన పట్టీ లేనివి, కాడలు సన్ననివి, ముక్కు దగ్గర రబ్బరు ఉన్నవి, నీడలో కూడా దారి కనిపించే లేత రంగువి. దుకాణమాయన అద్దం తెచ్చి ముందు పెట్టబోయాడు. అమ్మ దాన్ని పక్కకు జరిపింది.

"ఇటు తిరుగు" అంది.

తిరిగాను. ఆమె నా రెండు చెంపలూ పట్టుకుంది. మొహం దగ్గరికి తెచ్చింది. ఎందుకో నాకు అర్థమయ్యేలోపే పెదాలు సున్నా చుట్టి, చెంప దగ్గరి నుంచి పైకి, గట్టిగా ఊదింది. రెప్పలు కదిలాయి.

"తాకిందా?"

"తాకింది."

అవి తీసి గల్లా మీద పెట్టేసింది. ఇంకోటి తగిలించింది. కింది నుంచి, పక్క నుంచి, కనుబొమల దగ్గర్నుంచి ఊదింది. దుకాణమాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మూడో జత చెంపకు అతుక్కుని కూర్చుంది. ఆమె ఊపిరి నా నుదుటి మీద, చెవుల మీద వెచ్చగా పారింది. లోపల కన్ను పొడిగా, కదలకుండా ఉంది. ఆ లేత గోధుమరంగు అద్దంలోంచి మా అమ్మ మొహం అంత దగ్గరగా చూడడం చిన్నప్పటి ఆ అరుగు తర్వాత అదే మొదటిసారి.

"తాకిందా?"

"లేదమ్మా."

ఆమె నమ్మలేదు. గుండెనిండా గాలి పీల్చుకుని మళ్ళీ ఊదింది.