మూడున్నర టిక్కెట్లు

ఆయన్ని ఆ వీధిలో అందరూ పళ్ళ మేస్త్రి అనేవాళ్ళు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు ఆ మాట విని, చేతిసంచీతో గుమ్మంలోకొచ్చి, "ఏం పళ్ళున్నాయండీ?" అని అడిగిన రోజులున్నాయి. ఆయన భార్య నవ్వాపుకుని, "తినే పళ్ళు కాదమ్మా, తినడానికి పెట్టుకునే పళ్ళు" అని చెప్పి పంపించేది.

ఒక పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో వెనకగది ఆయనది. గదికి ఒక్కటే కిటికీ. తెరిస్తే పక్క మేడ గోడ, ఆ గోడ మీద తుప్పు నీళ్ళ చారలు. ముందుగదిలో డాక్టరుగారు నోటి అచ్చు తీసి లోపలికి పంపేవాడు. మేస్త్రి అందులో ప్లాస్టర్ పోసి, గులాబీరంగు మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ నిలబెట్టి, అరగదీసి, మెరుగు పెట్టేవాడు. ఊళ్ళో వందలమంది ఆయన చేసిన పళ్ళతో నములుతున్నారు, నవ్వుతున్నారు. ఒక్కరి మొహమూ ఆయన ఎరగడు. ఎప్పుడైనా బస్సులో ఎదుటి సీటాయన నవ్వితే, ముందుపన్ను కాస్త ఒరిగి ఉండటం చూసి, ఇది మన పనే అని పోల్చుకునేవాడు. పైకి ఏమీ అనేవాడు కాదు. అంటే బాగుండదు కదా.

ఆయనకి ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి, తరవాత అబ్బాయి, ఆఖర్న చిన్నమ్మాయి. భార్య పుట్టిల్లు సముద్రం పక్క ఊళ్ళో. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. అక్కడ అత్తగారు, భార్య అక్కగారు, ఆవిడ భర్త, వాళ్ళ పిల్లలు అంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఏటా వేసవి సెలవులకి పది రోజులు అక్కడికెళ్ళడం అలవాటు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. చిన్నది ఒళ్ళో కూర్చునేది. మిగతా ఇద్దరిలో ఒకరికే అరటిక్కెట్టు. రైలువాళ్ళకి పిల్లల వయసు మీద ఉన్నంత శ్రద్ధ కన్నతల్లికి కూడా ఉండదని మేస్త్రి నవ్వుతూ అనేవాడు.

చిన్నదానికి ఐదేళ్ళు నిండిన ఏడాది ఆ నవ్వు ఆగిపోయింది. దానికీ అరటిక్కెట్టు పడింది. పెద్దవాళ్ళిద్దరివీ నిండు టిక్కెట్లు, పిల్లలవి మూడు సగాలు, మొత్తం మూడున్నర. అదే ఏడు ఛార్జీలు పెరిగాయి. ఆ ఖర్చు వెళ్ళడానికోసారి, రావడానికోసారి. ఆయన కౌంటర్ దగ్గర కాగితం తిప్పి తిప్పి చూసి, క్యూలోంచి బయటికొచ్చేశాడు.

మర్నాడు ఆ మాట విన్న డాక్టరుగారు, "మా ఇంటిల్లిపాదీ కార్లో వెళ్ళిపోతామయ్యా. ఒకరెక్కినా ఐదుగురెక్కినా అదే పెట్రోలు. రైలుకి తలకింత అని ఎందుకు పోస్తావు?" అన్నాడు.

"కారు మీకుంది కదండీ" అన్నాడు మేస్త్రి.

డాక్టరుగారు పెద్దగా నవ్వి, "అవున్నిజమే" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో బట్టలు మడతపెడుతున్న భార్యతో, "ఈ ఒక్క ఏడాదికీ మీరు వెళ్ళిరండి. నాకు కుదరదు. ఆర్డర్లు మీద పడిపోతున్నాయి" అన్నాడు.

అది అబద్ధం. వేసవిలో డాక్టరుగారే క్లినిక్ మూసి ఊరెళతాడు. ఆవిడకి ఆ సంగతి తెలుసో తెలియదో ఆయనకి అంతుపట్టలేదు. మడత పెట్టిన ఆయన చొక్కాని పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "భోజనం సంగతో?" అని మాత్రం అడిగింది.

"ఒక్క మనిషికి ఎంతలే."

స్టేషన్‌కి ఆయనే తీసుకెళ్ళాడు. ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కుని, పెట్టెలు సీట్ల కింద తోసి, నీళ్ళ సీసాలు నింపి, చిన్నదాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి దిగిపోయాడు. "నాన్న ఎందుకు దిగిపోతున్నాడు?" అని చిన్నది ఏడుపు అందుకుంది. బండి కదిలింది. కిటికీ పక్కన పది అడుగులు నడిచాడు. తరవాత బండి నడక పెరిగింది, ఆయన ఆగాడు.

ఆ పది రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున్న క్లినిక్ తాళం తీసి, ఎప్పుడో పూర్తయిపోయిన పళ్ళసెట్టుకి మళ్ళీ మెరుగు పెట్టేవాడు. ఇంటికొచ్చి ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా కడుక్కునేవాడు. చప్పుడు కోసమని ఖాళీ గదిలో కూడా ఫ్యాను తిప్పి ఉంచేవాడు. రెండ్రోజులకోసారి ఫోను వచ్చేది. అవతల ఒకటే గోల. పెద్దమ్మాయి రెండు మాటలు, అబ్బాయి ఒక మాట, చిన్నది మాట్లాడకుండానే ఫోను ఇంకొకరికి ఇచ్చేయడం. ఎవరో ఏదో అనేవాళ్ళు, అందరూ ఒక్కసారి ఘొల్లుమనేవాళ్ళు. "ఏమైంది? ఏమైంది?" అని ఈయన అడిగేవాడు. "ఏం లేదు నాన్నా, వచ్చాక చెప్తా" అనేవాళ్ళు. వచ్చాక మర్చిపోయేవాళ్ళు.

ఒక్క ఏడాది అనుకున్నది మరుసటేడు కూడా అంతే అయింది. ఆపై పెద్దమ్మాయికి పన్నెండేళ్ళు దాటి నిండు టిక్కెట్టు పడింది. తరవాత అబ్బాయికి. పిల్లలు ఎదిగినకొద్దీ ఆయన సీటు ఇంకా దూరమైంది. నాలుగైదేళ్ళకి, "మీరు రారా?" అని అడగడం కూడా మానేశారు. అడక్కపోవడమే మేలనిపించింది ఆయనకి. అడిగితే మళ్ళీ ఆర్డర్ల సంగతి చెప్పాలి.

అలా పన్నెండు వేసవులు గడిచాయి.

పదమూడో వేసవికి పెద్దమ్మాయికి ఉద్యోగమొచ్చి ఏడాదైంది. ఒక ఆదివారం పొద్దున్న ఆయన గడ్డం గీసుకుంటుంటే వెనకనుంచి వచ్చి, అద్దంలో కనబడేలా టిక్కెట్లు పట్టుకుంది. "ఐదు నాన్నా. ఈసారి ఆర్డర్లు గీర్డర్లు అంటే ఊరుకోను."

ఆయన సగం గడ్డంతోనే కుర్చీలో కూలబడ్డాడు. ఒక్కోటీ విప్పి చూశాడు. తన పేరు అచ్చయి ఉంది. "ఎంత తగలేశావే తల్లీ?" అన్నాడు.

బండెక్కిన గంటకే ఆయనకి ఒక సంగతి తెలిసింది. ఆ రైలుపెట్టెలో అందరికీ వాళ్ళ వాళ్ళ చోట్లున్నాయి. అబ్బాయి ఎప్పుడూ పైన. చిన్నమ్మాయి తలుపు వైపు కిటికీ. భార్య కాళ్ళ దగ్గర తిండి సంచీ. ఆయన ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరికి అడ్డం. ఒక పెద్ద వంతెన వస్తుందనగా ముగ్గురు పిల్లలూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ఏమైందోనని ఈయన కంగారుపడి నీళ్ళ సీసా అందించాడు. వంతెన దాటాక అందరూ ఊపిరి వదిలి పకపకా నవ్వారు. వంతెన అయ్యేదాకా ఊపిరి పీల్చకూడదట. చిన్నప్పటి పందెమట.

"చెప్పి ఉంటే నేనూ బిగబట్టేవాణ్ణిగా" అన్నాడు.

"మీకు తెలీదని గుర్తులేదు నాన్నా" అంది చిన్నమ్మాయి. ఆ పిల్ల మనసులో ఏ దురుద్దేశమూ లేదు.

అత్తగారింట్లో మర్యాదలకి లోటు లేదు. "రావయ్యా రా, ఇన్నాళ్ళకి దారి తప్పి వచ్చావా" అని తోడల్లుడు సంచీ అందుకున్నాడు. వదిన మంచి దుప్పటి తీసింది. ఆ మర్యాదే ఆయనకి గుచ్చుకుంది. పిల్లలు సరాసరి వంటింట్లోకెళ్ళి డబ్బాల మూతలు తీసుకుంటున్నారు. ఈయనకి మాత్రం పళ్ళెంలో పెట్టి హాల్లోకి తెచ్చిస్తున్నారు. భోజనాల దగ్గర ఎవరో "గొడుగు మావయ్య" అన్నారు. అందరూ పొలమారేలా నవ్వారు. వదిన కళ్ళు తుడుచుకుంటూ ఆ కథ ఈయనకి విడమరిచి చెప్పింది. ఎవరో చుట్టపాయన, ఎప్పుడో వానలో, గొడుగు అనుకుని చేతికర్ర పట్టుకుని వీధంతా నడిచాడట. ఈయన నవ్వాడు. విడమరిచాక నవ్వే నవ్వు ఎలా ఉంటుందో అలాగే ఉంది అది.

ఆ భోజనంలోనే ఆయన ఇంకోటి కనిపెట్టాడు. అత్తగారు ఒక పక్కతోనే నములుతోంది. ఆవిడ పళ్ళసెట్టు ఆయన చేసిందే. ఐదేళ్ళ కిందట అక్కడి డాక్టరు తీసిన అచ్చుని భార్య పాత తువ్వాలులో చుట్టి తెస్తే, ఆ నోటిని చూడకుండానే చేసి పంపాడు.

మర్నాడు పొద్దున్నే అందరూ సముద్రానికి బయల్దేరుతుంటే, "మీరు పదండి, నేను అత్తయ్యగారి పళ్ళు సరిచేసి వస్తా" అన్నాడు. "తరవాత చూడొచ్చుగా నాన్నా" అంది పెద్దమ్మాయి. కానీ ఆయన మొహంలో ఆ ఇంటికొచ్చాక మొదటిసారి ఒక నెమ్మది కనిపించి, ఊరుకుంది. గేటు చప్పుడైంది. మాటలు వీధి మలుపు దాకా వినిపించి ఆగిపోయాయి.

వరండాలో అత్తగారి ఎదురుగా కూర్చుని, చిగురు నొప్పి చేసిన చోట తడి రంగుపెన్సిల్‌తో గుర్తు పెట్టి, సెట్టు నోట్లో పెట్టించి తీశాడు. ఆ గుర్తు సెట్టు మీద పడింది. తోడల్లుడి గోళ్ళ ఆకురాయితో ఆ చోటే మెల్లగా అరగదీశాడు. పళ్ళు తీసేసిన నోటితో ఆవిడ ఆయన చేతుల్నే చూస్తూ కూర్చుంది.

"ఒక మాట అడగనా నాయనా? అన్ని వేసవులూ నీకు నిజంగా పనుండేదా?"

ఆకురాయి ఆగింది. "లేదండీ అత్తయ్యగారూ."

"అనుకున్నాలే. మూడేళ్ళు నీక్కూడా కంచం పెట్టాం. ఏమో, ఆఖరి నిమిషంలో ఎక్కేస్తావేమోనని. నాలుగో ఏడు మానేశాం. ఖాళీ కంచం చూస్తే మా అమ్మాయికి ముద్ద దిగేది కాదు" అంది.

ఆకురాయి మళ్ళీ కదిలింది. పళ్ళపొడితో సెట్టుకి మెరుగు పెట్టి, కడిగి, ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ పెట్టుకుని, రెండు పక్కలా కొరికి చూసుకుని, "బాగుంది" అంది. సముద్రానికి దారి చెప్పింది. కానీ ఆయన వెళ్ళేసరికి వాళ్ళు తిరిగొస్తూ ఎదురయ్యారు, తడి బట్టలతో, ఇసక కాళ్ళతో. అక్కణ్ణించే వెనక్కి తిరిగాడు.

ఇంటికి తిరిగొచ్చే బండిలో, మధ్యాహ్నం పూట, పిల్లలు ముగ్గురూ చెవుల్లో పాటలు పెట్టుకుని ఎవరి లోకంలో వాళ్ళున్నప్పుడు, ఆయన భార్యతో అన్నాడు. "అక్కడ నాకేం తోచలేదే. చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఉంది."

ఆవిడ కిటికీలోంచి మొహం తిప్పలేదు. "నాకు మాత్రం పన్నెండేళ్ళు ఈ బండిలో ఏం తోచిందంటారు? ముగ్గురు పిల్లలు, నాలుగు పెట్టెలు. ఏ స్టేషన్‌లో ఏది దిగిపోతుందోనని ఒక్క రాత్రీ కన్ను మూయలేదు. పోనీలే, ఆ పది రోజులూ ఇల్లు గోల లేకుండా మీకు హాయిగా ఉంటుందిలే అనుకునేదాన్ని."

"హాయా?" అన్నాడు ఆయన.

"ఎప్పుడూ ఒక్కసారైనా బాగోలేదని అన్లేదుగా మీరు."

నిజమే, అన్లేదు. బాగోలేదంటే వాళ్ళు ప్రయాణం మానేస్తారని భయం. రమ్మని బతిమాలితే ఆయన ఎక్కణ్ణించో అప్పు తెస్తాడని ఆవిడ భయం. ఇద్దరూ ఎదుటివాళ్ళ మేలు కోసమే మాట మింగేశారు. ఆ సంగతి ఆ బండిలో పక్కపక్కన కూర్చుని తెలుసుకునేసరికి, ఎవరు ఎవర్ని ఓదార్చాలో తెలియలేదు. ఆవిడ ఒక రొట్టె తుంచి సగం ఇచ్చింది. ఆయన తిన్నాడు.

మరుసటేడు పెద్దమ్మాయికి సెలవు దొరకలేదు. అబ్బాయి స్నేహితులతో ఎక్కడికో కొండలకి వెళ్తానన్నాడు. చిన్నదానికి పరీక్షలు. ఇన్నేళ్ళూ అందని టిక్కెట్లు తీరా చూస్తే రెండే రెండు. మేస్త్రి కౌంటర్ దగ్గర వెనకాడకుండా కొన్నాడు.

ఎదురు సీట్లలో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూర్చున్నారు. ఇదీ పన్నెండు వేసవులు ఆయన దిగిపోయిన రైలుపెట్టెలాంటిదే. కానీ ఇప్పుడందులో ఆయన కోసం ఏడ్చేవాళ్ళెవరూ లేరు. బండి రెండో స్టేషన్ దాటకముందే, పట్టపగలు, భార్య తల ఆయన భుజం మీదకి వాలింది. గట్టి నిద్ర. ఆయన సంచీ దగ్గరకి లాక్కుని, పెట్టెలకి కాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. టీ అబ్బాయిని పిలవబోయి, ఆవిడ లేస్తుందని మానేశాడు.

కిటికీలోంచి ఒక్కో ఊరూ వెనక్కి పోతోంది. ఏ ఊరి తరవాత ఏ ఊరో పిల్లలకి కంఠతా వచ్చు. ఆయనకి ఒక్కటీ తెలియదు. స్టేషన్ రాగానే బోర్డు మీది పేరు పెదవులు కదుపుతూ చదువుకుంటూ, మధ్యాహ్నం ఎండ ఆవిడ మొహం మీద పడకుండా అరచెయ్యి అడ్డంపెట్టి, ఆయన ఒక్కడే మేలుకుని కూర్చున్నాడు.