టెర్బియం ఎక్కువ పడ్డ సంబంధం

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం దొరికినవాడు లోకానికి వెలుగు తానే తెచ్చినట్టు నడిచేవాడు. నా విషయంలో అది కొంత నిజం కూడా. హైదరాబాదులో ఒక ట్యూబులైట్ల ఫ్యాక్టరీలో, గాజుగొట్టం లోపల పూసే తెల్లపొడి తయారుచేసే చోట నా పని. (వెలిగేది గొట్టం కాదు, ఆ పొడి అని బస్సులో పక్కన కూర్చున్న ప్రతివాడికీ చెప్పేవాణ్ణి, వాడు అడగకపోయినా.) మామూలు పొడి వెలుగులో మొహాలు పాలిపోయినట్టు కనబడతాయి. అందుకని యూరోపియం, టెర్బియం అనే అరుదైన లోహాలు, ఒకటి ఎరుపు కోసం, ఒకటి ఆకుపచ్చ కోసం, చిటికెడు కలిపి కొత్త పొడి చేసి చూస్తున్నాం.

సరిగ్గా అప్పుడే తాండూరు సంబంధం వచ్చింది. పిల్లను చూశాను. నచ్చడమంటే మామూలుగా కాదు, తిరుగు రైల్లో మా ఊరు వికారాబాదులో దిగడం మరిచిపోయాను. ఇక వాళ్లు మా ఇల్లు చూడ్డానికి రావడమే మిగిలింది. పెద్దదిక్కు పిల్ల అమ్మమ్మ. బట్టల దుకాణం నడిపిన మనిషి, ఆమె ఊ అంటేనే పెళ్లి. మా హాలేమో పట్టపగలే చీకటి. ఇంజనీరును బతిమాలి, ప్రయోగానికి చేసిన ట్యూబొకటి తెచ్చి బిగించాను. వెలిగించి చూద్దామంటే కరెంటు లేదు. "ఫికర్ చెయ్యకు బాపూ, మన మొహాలు మస్తు మెరుస్తయ్" అని మా నాన్నకు ధైర్యం చెప్పాను.

వాళ్లొచ్చి కూర్చుని లడ్డూలు చేతికి తీసుకున్నాక కరెంటొచ్చింది. ట్యూబు కాసేపు కొట్టుకుని వెలిగింది. అందులో టెర్బియం ఎక్కువ పడిందని నాకు ఆ క్షణాన తెలిసింది. లడ్డూలు ఆకుపచ్చ, బాపు తెల్లపంచె ఆకుపచ్చ, అందరికంటే ఎక్కువ నేను. పిల్ల మేనమామ లడ్డూను మెల్లగా పళ్లెంలో పెట్టేసి, "పిల్లగానికి పానం బాగలేదా ఏంది?" అన్నాడు. నేను టెర్బియం గురించి మొదలుపెట్టాను. చెప్పినకొద్దీ అనుమానం పెరిగింది. ఆయన చెప్పుల కోసం చూస్తున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మనసులో ఆ పిల్లతో అప్పటికే మా ఊరి పక్కనున్న అనంతగిరి గుట్ట ఎక్కి దిగాను మరి.

అమ్మమ్మ మాత్రం లేచి నా చెయ్యి పట్టుకుంది. "జర ఆగుండ్రి. దుకాణంల లైటు కింద చూసి బట్ట ఎవరన్న కొంటరా? వాకిట్లకు పట్కపోయి ఎండల చూస్తం గద. రా పిల్లగా."

వాకిట్లో నిలబెట్టి, గడ్డం పట్టి మొహం అటూ ఇటూ తిప్పింది. చొక్కా చెయ్యి మడిచి మోచేతిని వేలితో రుద్దింది. వీధిన పోయేవాళ్లు ఆగి చూశారు. నేను ఊపిరి బిగబట్టాను. చివరికి లోపలికి కేకేసింది: "మంచిగనే ఉన్నడు. రంగు దిగేటోడు కాదు. ఖాయం చేసుకోండ్రి."

ఆ తర్వాత నా పొడిని చాలామంది పరీక్షించారుగాని, నన్ను పరీక్షించి పాస్ చేసింది ఆమె ఒక్కతే. ఇప్పుడు జుట్టు పోయింది, మీసం తెల్లబడింది. మొన్న నేను అద్దం ముందు నిలబడితే మా ఆవిడ వెనకనుంచి, "అమ్మమ్మ ఎండల చూసింది గని, ఒక్కపారి ఉతికి గూడ చూడాల్సుండె" అంది. నవ్వేశాను. వాకిట్లో ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ కుర్రాడి మీద మాత్రం జాలేసింది. ఉతుకులన్నీ ముందున్నాయని పాపం వాడికేం తెలుసు!