ముక్కాలంగుళం ఊపిరి

నా జన్మలో నేను ఒక్కసారి కూడా చెడుగుడు కూతకు వెళ్ళలేదు. అయినా పదేళ్ళపాటు మా ఊరి చెడుగుడు జట్టును నడిపింది నేనే. కుట్టుమిషను ముందు కూర్చుని నోటితో నడిపాను. ఆ సంగతి జట్టుకు మాత్రం తెలియదు.

నా టైలరు కొట్టు బడి మైదానానికి ఎదురుగా ఉండేది. సముద్రపు గాలికి ఊరికే కొట్టుకుంటోందని చెప్పి కొట్టు తలుపు రెక్క ఒకటి ఊడదీయించాను. గాలి వంక మాత్రమే. ఆ రెక్క ఉంటే మైదానంలో నడిమి గీత కనపడదు. సాయంత్రం ఆట మొదలైతే కాలు మిషను తొక్కుతూ ఉండేది, కళ్ళు గీత మీద ఉండేవి. ఆ రోజుల్లో మా ఊళ్ళో చాలామంది చొక్కాలకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి ఉండేదంటే ఆ పాపం మా జట్టుదే.

మా జట్టు ఓడిపోయేది. ఏటా జువ్వలదిన్నె తిరునాళ్ళలో అక్కడి జట్టుతో మాకు పందెం. వాళ్ళు వలలు లాగే మనుషులు. ఒకసారి మన కాలు వాళ్ళ చేతికి చిక్కితే అది ఇక మనది కాదు. ఆట కూడా వాళ్ళ ఇసకలోనే. ఏడాదంతా గట్టినేల మీద సాధన చేసిన మావాళ్ళు అక్కడికి వెళ్ళి చీలమండల దాకా దిగబడి నిలబడేవారు. గెలిస్తే "మనం గెలిచాం" అనడానికీ, ఓడితే "వాళ్ళు ఓడారు" అనడానికీ గట్టు మీద కూర్చున్నవాడికి వీలుంటుంది. పదేళ్ళలో మొదటి మాట వాడే అవకాశం నాకు రాలేదు.

తప్పంతా ఆటగాళ్ళ ఎంపికలో ఉందని నా గట్టి నమ్మకం. జట్టుకు మేనేజరు మా బడి డ్రిల్లు మాస్టారు. ఆయన ఏడుగురిని ఎంచే పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. బనీన్లకు గుడ్డ ఇచ్చేది రైసుమిల్లు ఆసామి కాబట్టి ఆయన మేనల్లుడికి ఒక చోటు. ఆ మేనల్లుడు, అవతలివాడు కూత పెట్టుకుంటూ మీదికొస్తే మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. ఇంకొకడికి సైకిలు ఉంది కాబట్టి ఒక చోటు. కుడి మూలలో బాగా ఆడేవాణ్ణి ఎడమ మూలకు పంపేవారు. ఎందుకని అడిగితే "మార్పుండాల గదా" అనేవారు. నేను కాజాలు ఎడం పక్క, గుండీలు వీపు మీద కుడితే మార్పుందని ఊరుకుంటారా?

ఇవన్నీ నేను కొట్టుకు వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పేవాణ్ణి. కొలతలు ఇవ్వడానికి చేతులు చాపి నిలబడ్డ మనిషి ఎక్కడికీ పారిపోలేడు. మా వృత్తిలో ఉన్న సుఖం అదొక్కటే. ఒకాయన పెళ్ళికోటు కుట్టించుకోవాలని వచ్చి, మెడ దగ్గర్నుంచి నడుము దాకా కొలిచేలోగా మా జట్టు లోపాలన్నీ విని, ఆలోచించుకుని వస్తానని వెళ్ళి, చివరికి పంచె మీదే పెళ్ళి చేసుకున్నాడు. డ్రిల్లు మాస్టారికైతే నేరుగానే సలహాలిచ్చేవాణ్ణి. ఆయన ఓపిగ్గా విని, "ముందా గుండీ కుట్టబ్బా" అనేవారు.

నా అర్హత ఏమిటని మీరు అడగవచ్చు. నేను పడుచువాడిగా ఉన్నప్పుడు నెల్లూరులో పట్టాళానికి మనుషుల్ని తీసుకుంటున్నారంటే వెళ్ళాను. అక్కడి డాక్టరు నా రొమ్ము మామూలుగా ఒకసారి, ఊపిరి పీల్చమని ఒకసారి కొలిచాడు. రెండు అంగుళాలు పెరగాలట. నాకు ఒక్క అంగుళం పెరిగింది. ఇంకాస్త పీల్చమన్నాడు. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. అంగుళం అంగుళంగానే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా కోసమే పుట్టిందేమో, ఆ టేపు మంచిది కాదని ఊరంతా చెప్పుకున్నాను. ఆ తర్వాత నేనే టేపు మెడలో వేసుకునే పనిలో స్థిరపడ్డాను.

అప్పట్నుంచి నాకు ఒక పిచ్చి పట్టుకుంది. ఏటా జట్టుకు బనీన్లు కుట్టేది నేనే. కొలతలకు వచ్చిన ఆటగాళ్ళందరికీ రొమ్ము రెండుసార్లు కొలిచేవాణ్ణి, ఊపిరి వదిలి ఒకసారి, పీల్చి ఒకసారి. ఆ తేడాను నా కొలతల పుస్తకంలో పక్కన రాసుకునేవాణ్ణి. బనీనుకు అది దేనికీ పనికిరాదు. కానీ ఆ పుస్తకం చేతిలో ఉంటే ఆటగాళ్ళ బతుకులన్నీ నా గుప్పిట్లో ఉన్నట్టు ఉండేది.

మా జట్టులో నిజమైన కూతగాడు ఒక్కడే ఉండేవాడు. ఆయన మా బావ, మా అక్క భర్త. మాది దూది పని చేసే సాయిబుల కుటుంబం. నేను దారి తప్పి మిషను ఎక్కాను గానీ, బావ మాత్రం కులవృత్తిలోనే ఉన్నాడు. పొద్దున్నే పరుపుల దూది కుప్ప వేసుకుని విల్లుతో ఏకుతూ కూర్చుంటే సాయంత్రానికి ఆయన కనుబొమలు కూడా తెల్లబడేవి. దులుపుకుని, మొహం కడుక్కుని, అటే మైదానానికి వచ్చేవాడు. మంచి రోజుల్లో ఆయన కూత పెట్టి గీత దాటితే అటువైపు నలుగురిని తాకి, తొందర లేకుండా వెనక్కి నడిచి వచ్చేవాడు, గీత దాటిన తర్వాత కూడా రెండు "చెడుగుడు"లు మిగిలేవి. ఆయనకు మా అక్కను ఇవ్వాలని ఇంట్లో ఆలోచిస్తున్నప్పుడు గుణగణాలు అందరూ విచారించారు. నేను మాత్రం కూత ఒక్కటే చూసి సరేనన్నాను.

ఒక మూడేళ్ళపాటు ఆ కూత మధ్యలో తెగుతూ వచ్చింది. అటువైపు వెళ్ళేవాడు, ఇద్దరిని తాకేవాడు, తిరిగి వచ్చేటప్పుడు గీతకు రెండడుగుల దూరంలో మాట ఆగిపోయేది. అవుటు. మూడో ఏడు జువ్వలదిన్నెలో నాలుగుసార్లు అలాగే అయింది. గట్టు మీద కూర్చుని నేనేమన్నానో రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. బావ అని కూడా చూడకుండా అన్నాను. పక్కింట్లోనే ఉండే అక్కకు వినపడేట్టు ఇంటికొచ్చి మళ్ళీ అన్నాను. ఆ రాత్రి అక్క ఎప్పట్లాగే పిలిచి అన్నం పెట్టింది.

మరుసటి ఏడు బనీన్ల కొలతలకు ఆటగాళ్ళు వచ్చారు. అరవైల మొదట్లో సంగతి. టేపుకు ఒక పక్క సెంటీమీటర్లు కొత్తగా వచ్చాయి గానీ నేను అంగుళాలు వదల్లేదు. మాస్టారు ఒక కొత్తవాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చారు, ఎనిమిదోవాడిగా. వాడు ఊపిరి పీలిస్తే మూడంగుళాలు పెరిగింది. టేపు నా చేతిలోంచి జారింది. తర్వాత బావను కొలిచాను. మళ్ళీ కొలిచాను. పుస్తకం తిరగేసి పాత ఏళ్ళవి చూశాను. రెండున్నర. రెండు. ఒకటింబావు. ఇప్పుడు ముక్కాలు.

పట్టాళం వాళ్ళు వద్దన్న నా ఊపిరికన్నా మా బావ ఊపిరి తక్కువైంది. ఆ అంకె చూసి నాకు సంతోషమేసింది. ఇన్నేళ్ళకు నా వాదనకు రుజువు దొరికిందని సంతోషం.

అందరూ వెళ్ళిపోయాక మాస్టారిని కూర్చోబెట్టి పుస్తకం చూపించాను. "చూడండి సార్. నా నోటిని నమ్మకపోతే పోయె. టేపుకు బావ లేదు, బామ్మర్ది లేదు" అన్నాను. పదేళ్ళలో నా సలహా ఒక్కటీ వినని మనిషి ఆ రోజు పుస్తకం దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశారు. "అవునబ్బా" అన్నారు. మిల్లు ఆసామి మేనల్లుడి కొలత కూడా బాగాలేదని నేను చెప్పబోయాను గానీ ఆయన అప్పటికే లేచారు.

రెండు రోజుల తర్వాత బావ కొట్టుకు వచ్చాడు. నేను బనీన్లు కత్తిరిస్తున్నాను. తల ఎత్తలేదు.

"నాది కుట్టబాక అబ్బయ్యా. గుడ్డ దండగ" అన్నాడు. "మాస్టారు చెప్పినాడు. నువ్వు కొలిచి చూపించినావంట గదా."

"జట్టు కోసం, బావా" అన్నాను.

"నువ్వు కొలిస్తే తప్పుండదులే" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. నేను దానికీ జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాను.

తిరునాళ్ళకు బావ కూడా మాతో జువ్వలదిన్నె వచ్చాడు. వచ్చి గట్టు మీద నా పక్కనే కూర్చున్నాడు. ఆటగాళ్ళను తిట్టడం నాకు చెయ్యి తిరిగిన విద్యే గానీ, తీసేయించిన ఆటగాణ్ణి పక్కన పెట్టుకుని తిట్టడం కొత్త. అయినా మొదటి కూతకు నా కొత్తవాడు వెళ్తుంటే ఉండబట్టలేక "ఇప్పుడు చూడు బావా" అన్నాను.

చూశాం. మూడంగుళాల రొమ్ముతో వాడు సరాసరి ఇసకలోకి దూకాడు. రెండో అడుగుకే కాళ్ళు దిగబడ్డాయి. వలలు లాగే చేతులు నాలుగు వాడి మీద పడ్డాయి. ఊపిరి విషయంలో నా టేపు అబద్ధం చెప్పలేదు. వాడు కింద పడి, మీద నలుగురు పడి, ఆ కుప్ప అడుగునుంచి కూడా "చెడుగుడు చెడుగుడు" అని వినపడుతూనే ఉంది. మనిషి మాత్రం అంగుళం కదల్లేదు. జనం పడీ పడీ నవ్వారు. ఎంతసేపటికీ కూత ఆగకపోతే చివరికి అవతలి జట్టు వాళ్ళే జాలిపడి వాణ్ణి ఎత్తుకెళ్ళి బరి బయట కూర్చోబెట్టారు. ఇసకలో ఎక్కడ అడుగు వెయ్యాలో పన్నెండేళ్ళుగా తెలిసిన మనిషి నా పక్కన కూర్చుని ఉన్నాడు. కాళ్ళను కొలిచే టేపు నా దగ్గర లేదు.

ఆ తర్వాత మావాళ్ళు కూతకు వెళ్ళిన ప్రతిసారీ నా పక్కన సన్నగా ఒక చప్పుడు వినిపించడం మొదలైంది. తిరిగి చూస్తే బావ పెదవులు కదులుతున్నాయి. వాళ్ళతోపాటు ఆయన కూడా లోలోపల కూత పెడుతున్నాడు. కూర్చున్న చోటే, కదలకుండా. ఐదారుసార్లు అనగానే తెగిపోయేది. మళ్ళీ ఊపిరి తీసుకునేవాడు. ఒకసారి తెగినప్పుడు దగ్గు వచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, వీపు వంగిపోయి, ఒక కూత పట్టేంతసేపు దగ్గాడు.

"ఎన్నాళ్ళనుంచి బావా?" అన్నాను.

"దూది పని గదబ్బా. ఉండేదే" అన్నాడు. "ఆట చూడు."

నేను ఆట చూడలేదు. నా సంచిలో కొలతల పుస్తకం ఉంది, ఎవరన్నా వాదనకొస్తే చూపిద్దామని తెచ్చుకున్నాను. దాన్ని తియ్యకుండానే అంకెలు వరసగా కళ్ళముందుకొచ్చాయి. రెండున్నర, రెండు, ఒకటింబావు, ముక్కాలు. జట్టు ఎంత తేడాతో ఓడిందో నాకిప్పుడు గుర్తులేదు.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళాను. బావ పరుపు పనికి వెళ్ళిపోయి ఉన్నాడు. ఆయనకు బాగా దగ్గొస్తోందని, ఊపిరి ఆడటం లేదని, నేనే కనిపెట్టినవాడిలాగా అక్కకు చెప్పాను. అక్క చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే అంది:

"మూడేళ్ళయింది. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు."

"నాకెందుకు చెప్పొద్దన్నాడు?"

"తెలిస్తే జట్టులోనుంచి తీసేయమంటావని."

చెరుగుతున్న చేట ఆగలేదు. నేను గడప దాటుతుంటే అక్క ఇంకో మాట అంది. "ఏటేటా కొలస్తానే వున్నావు గదరా. ఎందుకు తగ్గతా వుందని ఒక్కసారన్నా అడగాలనిపించలేదా?"

ఆ వారమే బావను బస్సులో నెల్లూరు తీసుకెళ్ళాను. డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విని, దూది మానేయమన్నాడు. మానితే ఇంకా పాడవకుండా ఉంటుంది, మానకపోతే చెప్పలేనన్నాడు. బావ ఒప్పుకోవడానికి నెల పట్టింది. తర్వాత మా కొట్టులో కాజాలు కుట్టడానికి కూర్చున్నాడు. ఆయన చేతి కాజా నా కాజాకన్నా బాగుండేదని గిరాకీలు నా మొహం మీదే చెప్పేవారు.

సాయంత్రాలు ఇద్దరం తలుపు రెక్క లేని వైపు కూర్చుని ఆట చూసేవాళ్ళం. మాస్టారు ఎవర్ని పెట్టినా, ఎవర్ని తీసినా బావ ఏమీ అనేవాడు కాదు. నాకూ అలవాటు తప్పింది. పూర్తిగా తప్పిందని చెప్పను. మేనల్లుడు దారి ఇచ్చిన ప్రతిసారీ నాలుక చివరిదాకా వచ్చేది.

మరుసటి ఏడు మళ్ళీ బనీన్ల కొలతలకు ఆటగాళ్ళు వచ్చారు. నేను వాళ్ళ రొమ్ములు ఒక్కసారే కొలిచి పంపేశాను. అందరూ వెళ్ళాక బావను లేపి నిలబెట్టాను. "నాకెందుకబ్బా ఇప్పుడు?" అంటూనే చేతులు చాపాడు. ఊపిరి వదలమన్నాను. పీల్చమన్నాను. టేపు మీద వేలు జారకుండా పట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాను.

అంగుళం. నాకున్నంత. పుస్తకంలో రాసి, దగ్గు ఎట్లా ఉందని అడిగాను.