డబ్బాలు వెతకనివారు కూడా రావచ్చును

మత్తయ్యకు ఊరు దాటితే సభ పెట్టే జబ్బు ఉంది. శంషాబాద్‌లో ఉన్నంతసేపు ఆయన నలుగురిలో నోరు విప్పని మనిషి. ఆదివారం ప్రార్థనకు వెళ్ళినా చిట్టచివరి బల్లమీద, విడిచిన చెప్పులకు కాపలా ఉన్నట్టు కూర్చుంటాడు. అదే మనిషి రైలెక్కి నాలుగు రాష్ట్రాలు దాటాడా, దిగిన ఊళ్ళో ఏదో ఒక మూల బ్యానరు కట్టి, పక్కన చాయ్ ఫ్లాస్కు పెట్టుకొని, మహాసభకు అధ్యక్షుడిలా కూర్చోవలసిందే. ఆ మహాసభకు సాధారణంగా ఎవరూ రారు. రాకపోవడం ఆయన ఉత్సాహాన్ని ఏనాడూ తగ్గించలేదు.

ఆ సభ సంగతి కొంత విప్పి చెప్పాలి. జియోక్యాషింగ్ అని ఒక ఆట ఉంది. ఒకరు చిన్న డబ్బాను ఏ రాతి సందులోనో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను అంతర్జాలంలో ప్రకటిస్తారు. మరొకరు ఫోను పట్టుకొని వెతుక్కుంటూ వెళ్ళి, డబ్బా తెరిచి, లోపలి కాగితంమీద సంతకం చేసి, మళ్ళీ అక్కడే దాచి వస్తారు. డబ్బాలో నిధి ఉండదు. ఒక గోళీ, ఒక బొత్తాము, మహా అయితే ఒక తాళంచెవి గొలుసు. అక్షాంశాల పాఠం మొదలుపెట్టగానే ఆవులించిన పిల్లలే పెద్దవారై, వాటికోసం ముళ్ళపొదల్లో దూరుతున్నారని తెలిస్తే ఆనాటి భూగోళం పంతుళ్ళు ఎంత పొంగిపోయేవారో! ఆ ముచ్చట అలా ఉంచుదాం. ఈ ఆటగాళ్ళు దూరపు ఊరికి వెళ్ళినప్పుడు, 'ఫలానా చోట, ఫలానా వేళ ఉంటాను, కలుసుకుందాం' అని ముందుగా ప్రకటించి, ఆ చోట కాసేపు కూర్చోవడం ఒక ఆచారం. మత్తయ్య సభ అదే.

షాద్‌నగర్‌లోని ఒక చిన్న కర్మాగారం కోల్డ్‌రూములు తయారుచేస్తుంది. అవి అమ్ముడుపోయిన చోటికల్లా వెళ్ళి బిగించి రావడం మత్తయ్య ఉద్యోగం. ఆయన వెంట వెళ్ళేవాడు జీవన్, స్వయానా బావమరిది. కాగితాలమీద జీవన్ ఫిట్టరు. అసలు ఉద్యోగం మాత్రం అక్క యేసమ్మ వేయించింది. "మీ బావ డబ్బా డబ్బా అనుకుంట ఏ పాడు బాయిలనో దిగుతడు. జర కనిపెట్టుకొని ఉండు తమ్మీ" అని ఆమె ఒప్పజెప్పిన నాటినుంచి, జీవన్ యంత్రాలకంటె బావనే ఎక్కువగా బిగించి పట్టుకోవలసి వచ్చింది.

బావతో తిరగడంలో జీవన్‌కు రెండు అవమానాలు. మొదటిది, ఆయన యంత్రాలతో మాట్లాడతాడు. "జర ఆగు తల్లీ, నట్టు పడుతలేదు… అగో, గట్ల కోపానికొస్తే ఎట్ల?" అని కంప్రెసర్‌ను బుజ్జగిస్తుంటే, చుట్టూ చేరిన పరాయి రాష్ట్రంవాళ్ళు, ఇది తెలుగువాళ్ళ మంత్రమేమోనని చేతులు కట్టుకొని నిలబడేవారు.

రెండవది బ్యానరు. దేశంలో ఏ మూలకు వెళ్ళినా అది తెలుగులోనే ఉండేది:

'డబ్బాలు వెతికేవారి సమావేశం. డబ్బాలు వెతకనివారు కూడా రావచ్చును. చాయ్ కలదు.'

అందరూ 'రావచ్చు'తో సరిపెట్టుకుంటున్న ఈ రోజుల్లో ఆ చివరి 'ను'ను వదలకుండా రాయించినందుకు మత్తయ్యను మెచ్చుకోవలసిందే. జీవన్‌కు ఆ మెచ్చుకోలు ఎప్పుడూ తోచలేదు.

"బావా, ఇది రాజస్థాన్. ఈడ నీ తెలుగు ఎవడు చదువుతడు?"

"చదివేటోడుంటే చదువుతడు."

"పోనీ, కింద హిందీల ఒక ముక్క రాపియ్యరాదు?"

"హిందీల రాసినయి ఊరంత ఉన్నయి గదరా. మనదొకటి దేనికి?"

ఇటువంటి తర్కం వినగానే జీవన్ రోడ్డు అవతలికి వెళ్ళి, ఆ బ్యానరుతో గాని, ఆ మనిషితో గాని చుట్టరికం లేనట్టు, రాని బస్సుకోసం ఎదురుచూస్తూ నిలబడేవాడు. అక్కడినుంచి హాజరు స్పష్టంగా కనిపించేది. భుజ్ సభకు ఒక మేక వచ్చి, చివరిదాకా ఉండి, బ్యానరు అంచును కొంత తిని వెళ్ళింది. అస్సాంలోని జోర్హాట్‌లో మాత్రం జీవన్ జ్వరంతో లాడ్జిలో పడుకున్నాడు. సాయంత్రం బావ వెలిగిపోతూ వచ్చి, "ఇద్దరొచ్చిండ్రురా!" అన్నాడు. తాను లేని రోజునే ఇద్దరు రావడం జీవన్‌కు అనుమానంగానే తోచింది.

చివరకు పడమటి సరిహద్దులో ఒక చిన్న ఊళ్ళో పుట్టి మునిగింది. అర్థంకాని అక్షరాల బ్యానరు, దాని కింద ఫోను చూస్తూ ఒక మనిషి, ఆ మనిషి చేతిలో మూత బిగించిన డబ్బా. పోలీసులు వచ్చారు, వారికంటె ముందు వారి కుక్క వచ్చింది. డబ్బాలో గోళీ, బొత్తాము తప్ప ఏమీ లేవని తేలేసరికి తెల్లారింది. కోల్డ్‌రూము కొన్న ఆసామి మాత్రం కర్మాగారానికి ఫోనుచేసి నిప్పులు చెరిగాడు.

కొత్తగా వచ్చిన మేనేజరు అరుణ్‌కుమార్ గుంటూరు వైపు మనిషి. మర్యాదగా మాట్లాడుతూనే మనిషిని కుంగదీయగలడు.

"ఏమిటి మత్తయ్యగారూ ఇది? కంపెనీ మిమ్మల్ని మిషన్లు బిగించడానికి పంపిందా, మీటింగులు పెట్టడానికి పంపిందా?"

"రెండూ అయినయి సార్."

"రెండోది పెట్టమని ఎవరు చెప్పారండీ?"

"మొదటిది అయినంక జర ఖాళీగున్నం సార్."

దానితో మత్తయ్యకు ప్రయాణాలు బందయ్యాయి. గేటు పక్కనున్న స్టోర్ రూములో నట్లు, బోల్టులు వేరుచేసే పని ఇచ్చారు. మరుసటి ఏటికి ఆయనకు ఉద్యోగ విరమణ. అంతవరకు అదే కుర్చీ, అదే కిటికీ. ఆ బాధ చాలనట్టు, అదే నెలలో షిల్లాంగ్‌నుంచి ఒక కోల్డ్‌రూముకు ఆర్డరు వచ్చింది. మబ్బులు ఇళ్ళలోకి వచ్చి పోతాయట అని మత్తయ్య ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్న ఊరు అది. ఇప్పుడు తప్పితే ఇక ఎప్పటికీ తప్పినట్టే.

"మీ బావ నట్లకు పేర్లు పెడుతుండు తమ్మీ" అని యేసమ్మ కళ్ళొత్తుకుంది. "పిలిస్తే ఒక్కటి గూడ పలుకుతలేదని అన్నం సగంల లేస్తుండు. నువ్వే ఏదన్న జెయ్యి."

జీవన్ ధైర్యం కూడగట్టుకొని మేనేజరు దగ్గరికి బయలుదేరాడు. గేటు దగ్గర వాచ్‌మన్ బిపుల్ ఎప్పటిలాగే సెల్యూట్ కొట్టి, ఎప్పటిలాగే ఏమీ మాట్లాడలేదు. బిపుల్ అస్సాంవాడు, మూగవాడు. వచ్చి రెండేళ్ళయినా ఆ గొంతు ఎవరూ ఎరుగరు. అన్నానికి ఒక సైగ, లారీకి ఒక సైగ, 'ఆగు' అనడానికి అరచెయ్యి ఎత్తడం — కర్మాగారమంతా ఆ భాష నేర్చుకొని సుఖంగా ఉంది. ఒక వాచ్‌మన్‌లో ఇంతటి నిశ్శబ్దం దొరకడం అదృష్టమని మేనేజరే ఒకసారి మెచ్చుకున్నాడు.

జీవన్ మొర అంతా విని అరుణ్‌కుమార్ నవ్వాడు. "సరే. ఆ సభేదో ఒకసారి నేనే చూస్తాను. అది ఎవరికైనా పనికొచ్చేదని నాకనిపిస్తే మీ బావగారు షిల్లాంగ్ వెళ్తారు. లేకపోతే ఇక డబ్బా అన్నమాట నా ముందు ఎత్తకూడదు."

జీవన్ ఎగిరి గంతేసినంత పనిచేసి ఇంటికి వచ్చాడు. "బావా, మన ఇంటి పక్క బుద్వేల్‌ల ఒక సభ పెట్టు. మంది సంగతి నేను చూసుకుంట. మా దోస్తులను తోలుకొస్త."

"ఇంటికాడ పెట్టేది సభ ఎట్లయితదిరా? అది దావతు. పెట్టేటోడు ఇంటికి దూరమున్నోడు గావాలె."

షిల్లాంగ్ చేజారుతుందన్నా ఆయన చలించలేదు. జీవన్ రెండు రోజులు మాట్లాడడం మానేశాడు. మూడవనాడు మత్తయ్యే వచ్చి చెప్పాడు.

"ఆదివారం ఒకటున్నది. నాది గాదు. జోర్హాట్ల నా సభకొచ్చిన సైకియా లేడూ, గాయన బెంగుళూరు పోవుడు శంషాబాద్ మీదుంగనే. నడుమ జర టైమున్నదని కొత్వాల్‌గూడ మలుపు కాడ, భాగ్యమ్మ చాయ్ దుకాణంల పెడుతుండు. సార్‌ను గాడికి తీసుకరా. వచ్చేటప్పుడు గేటుకాడి బిపుల్‌ను గూడ కార్ల ఎక్కించుకొమ్మను."

"గా మూగోడెందుకు బావా?"

"యూనిఫారం ఉంటది గద. మల్ల పోలీసులొస్తే మంచిది."

బావకు ఇన్నాళ్ళకు లోకజ్ఞానం అబ్బిందని జీవన్ మురిసిపోయాడు. అరుణ్‌కుమార్‌కూ ఆ ఏర్పాటు నచ్చింది. మేనేజరు చాయ్ దుకాణంలో డబ్బాల సభకు వెళ్ళాడని బయటపెట్టని సాక్షి కావాలంటే మూగవాడికంటె దొరుకుతాడా?

ఆదివారం మధ్యాహ్నం జీవన్ కారు దిగి చూసి నీరుగారిపోయాడు. సైకియా పల్చటి మనిషి, మెడలో సంచీ, ముఖంలో, పక్కనే నిలబడ్డ మత్తయ్య ముఖంలో ఉండే వెలుగే. దుకాణం రేకు కప్పునుంచి కరెంటు స్తంభందాకా ఆయన కట్టిన బ్యానరుమీద ఒక్క తెలుగు అక్షరం లేదు, హిందీ లేదు.

"ఏందన్నా గా రాతలు?" అంది భాగ్యమ్మ పాలు పొంగకుండా చూస్తూనే. "తీగెమీద బట్టలారేసినట్టున్నయి."

ఆమె పరిశీలన శాస్త్రీయమైనదే. మన అక్షరాలు ఎవరి తలకట్టు వారు చుట్టుకొని పెళ్ళికి వచ్చినట్టు విడివిడిగా నిలబడతాయి. అస్సామీ అక్షరాలు ఒకే గీతను పట్టుకొని వరుసగా వేలాడతాయి. ఏది అందమన్న చర్చకు ఇది సమయం కాదు. అరుణ్‌కుమార్ అప్పటికే గడియారం చూసుకుంటున్నాడు.

విమానాలు నెత్తిమీదుగా దిగుతున్నాయి. వాటిలోనుంచి సభకు ఎవరూ దిగలేదు.

"ఇదేనా జీవన్, సభ?"

"ఇంకా టైమున్నది సార్."

"ఈయనకూ అదే పిచ్చా? శంషాబాద్‌లో ఈ అక్షరాలు ఎవరు చదువుతారయ్యా?"

సమాధానంకోసం వెతికిన జీవన్‌కు, సిగ్గుచేటుగా, ఒక్కటే దొరికింది. "చదివేటోడుంటే చదువుతడు సార్."

అప్పుడు కారు వెనుకనుంచి ఒక గొంతు వినిపించింది. బొంగురుగా, ఆగి ఆగి, కొత్తగా బడిలో వేసిన పిల్లవాడు పలకమీది అక్షరాలు కూడబలుక్కున్నట్టు ఎవరో బ్యానరు చదువుతున్నారు. అందరూ తిరిగి చూశారు. బిపుల్ టోపీ తీసి చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు. చివరి మాట చదివి, ఒక్కసారి పెద్దగా నవ్వాడు. ఆ తరువాత మాట్లాడడం మొదలుపెట్టాడు.

రెండేళ్ళుగా నిలవచేసిన మాటలన్నీ ఒక్కసారిగా గేటు తెరుచుకొని బయలుదేరాయి. సైకియా ఒకటంటే బిపుల్ పది అన్నాడు. సైకియా చాయ్ గ్లాసు అందిస్తే, పట్టుకొని, తాగడానికి వ్యవధి లేక అటూ ఇటూ ఊపుతూ మాట్లాడాడు. ఆ గోలకు సైకిలుమీద పోతున్న ఒక సెక్యూరిటీ గార్డు బ్రేకు వేసి, కాలు నేలకానించి, చెవి ఒగ్గి, సైకిలును ఎక్కడిదక్కడ పడేసి వచ్చాడు. అతడు ఫోను చేస్తే విమానాశ్రయం దారిలోని హోటల్లో గిన్నెలు కడిగే అస్సాం కుర్రవాళ్ళు, తడిచేతులతోనే వచ్చారు. ఎవరి దగ్గరా డబ్బా లేదు. చూస్తుండగానే భాగ్యమ్మ దగ్గర పాలు నిండుకున్నాయి.

"వీడికి…" అన్నాడు అరుణ్‌కుమార్; ఆగాడు. "ఈయనకు మాటలొస్తాయా?"

ఒక సర్వనామానికి ఇంత వేగంగా పదోన్నతి లభించడం అరుదు.

"వస్తయి సార్" అన్నాడు మత్తయ్య. "వచ్చిన కొత్తల మన మాట తెల్వక తల ఊపిండు. మనమే మూగోడన్నం. రోజు పొద్దుగూకంగ గేటుతోటి మాట్లాడుతడు. స్టోర్ రూం కిటికీలకెంచి విన్న."

"గేటుతోటా!" అన్నాడు జీవన్.

"మొదటిసారి నన్ను గుజరాత్ల కచ్‌కు తోలిండ్రు. నెలదినాలు తెలుగు మాట చెవుల పడలే. కంప్రెసర్‌తోటి మొదలువెట్టిన. ఇగ గది అలవాటయింది."

సైకియా అప్పుడు జీవన్‌ను పక్కకు పిలిచి, తన హిందీలో జోర్హాట్ కథ చెప్పాడు. ఆనాటి ఇద్దరిలో ఆట తెలిసినవాడు సైకియా ఒక్కడే. రెండవవాడు వనపర్తి నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న ఒక జవాను. లారీలో పోతూ తెలుగు బ్యానరు చూసి దూకాడట. మత్తయ్యా, ఆ జవానూ మాటల్లో పడి, నియమం ప్రకారం వచ్చిన ఏకైక అతిథి సైకియాచేత ఫ్లాస్కు మోయించారట. "నా టికెట్టు నిజానికి కోల్‌కతా మీదుగా" అన్నాడు సైకియా నవ్వుతూ. "మావాడొకడు గేటుతో మాట్లాడుతున్నాడు, మీ అక్షరాలు పట్టుకొని ఇటు దిగి వెళ్ళండి అని మీ బావగారు ఫోన్‌చేసి దారి మార్పించారు."

జీవన్ బావ దగ్గరికి వచ్చాడు. "ఇదంత సార్‌కు చూపియ్యనీకె పెట్టించినవనుకున్న!"

"సార్‌కెందుకురా? సార్‌కు తెలుగొస్తది గద."

"మరి నీ షిల్లాంగో?"

మత్తయ్య నాలుక కరుచుకున్నాడు. "అవ్… గదొకటున్నది గద."

సాయంత్రం షాద్‌నగర్ తిరిగి వెళ్ళేటప్పుడు బిపుల్ కారులో ముందు సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా మాట్లాడాడు. అరుణ్‌కుమార్‌కు ఒక్క ముక్క అర్థంకాకపోయినా, బండి నడుపుతూ, చోటు చూసి చోటు చూసి 'ఊ' కొట్టాడు. ఒకచోట 'అయ్యో' అన్నాడట కూడా. అది సరైన చోటే పడిందో లేదో చెప్పగలవారు లేరు.

సోమవారం షిల్లాంగ్ టికెట్లు వచ్చాయి. మేక కొరికిన పాత బ్యానరు బదులు కంపెనీ ఖర్చుతో కొత్తది రాయించుకోవడానికి అనుమతి కూడా వచ్చింది. "కంపెనీ పేరు మాత్రం వద్దు" అన్నాడు అరుణ్‌కుమార్. తలుపుదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "పోనీ, కింద చిన్నగా వేయించండి" అన్నాడు.

ఆ ఉదయమే ఆయన సైకియా దగ్గర నేర్చుకున్న రెండు ముక్కలు గేటు దగ్గర ప్రయోగించాడు. "భాత్ ఖాలా నే?" — అన్నం తిన్నావా అని. ప్రశ్న నేర్చుకున్నాడే గాని, జవాబు ఎంత పొడుగుంటుందో ఆలోచించలేదు. బిపుల్ రాత్రి ఏం వండుకున్నాడో, వాళ్ళమ్మ అయితే దానిని ఎలా వండేదో, చేతులతో వంటిల్లంతా కట్టి చూపిస్తూ చెప్పసాగాడు. గేటు బయట లారీలు బారుతీరాయి. ముందరి డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, తల బయటపెట్టి అరిచాడు.

"ఏంది సారూ! గేటు తీసేదున్నదా లేదా?"

అరుణ్‌కుమార్ అటు తిరగకుండానే, కర్మాగారమంతటికీ తెలిసిన ఆ పాత సైగతో, అరచెయ్యి ఎత్తి చూపించాడు. బిపుల్ కథ ఇంకా చేపల పులుసు దగ్గరే ఉంది.